పైన పలకలు, లోన ఉడుకు

కుప్పంలో ఇంటికప్పులు కరెంటు పండిస్తున్నాయి. అవే కప్పులు రాత్రిళ్లు ఇంట్లోకి వేడిని దించుతున్నాయి. సోలార్ పలకలతో మొదలైన పని గోడ, కిటికీ, స్లాబు దాకా ఎందుకు రావాలి?

మే నెల, రాత్రి తొమ్మిదిన్నర. కుప్పం పక్క పల్లెలో రెండు సెంట్ల జాగాలో కట్టిన స్లాబు ఇల్లు. బయట గాలి చల్లబడి చాలాసేపయింది. వాకిట్లో కానుగచెట్టు ఆకులు కదులుతున్నాయి. లోపల మాత్రం ఫ్యాను ఐదో నంబరులో తిరుగుతూ కప్పు దగ్గర పేరుకున్న వేడినే కిందికి తోస్తోంది. మంచమెక్కి స్లాబు అడుగున అరచెయ్యి ఆనిస్తే, పొయ్యి మీంచి దించి కాసేపయిన పెనంలా తగులుతుంది. ఇంటి పెద్దాయన చాప చంకన పెట్టుకుని మిద్దెక్కుతాడు. పసిబిడ్డను ఒళ్లో పెట్టుకున్న కోడలు ఎక్కలేదు. తడిగుడ్డతో బిడ్డ ఒళ్లు తుడుస్తూ, ఏ పన్నెండుకో స్లాబు చల్లారేదాకా కూర్చునే ఉంటుంది. మిద్దె మీద, పెద్దాయన పరుచుకున్న చాపకు నాలుగడుగుల దూరంలో, కొత్తగా బిగించిన సోలార్ పలకలు వెన్నెల్లో మెరుస్తుంటాయి. పగలంతా కరెంటు తీసింది ఆ ఎండలోంచే. ఇప్పుడు కింద బిడ్డను నిద్రపోనివ్వనిదీ ఆ ఎండే.

కుప్పం నియోజకవర్గంలో ఇప్పుడు ఎక్కడ నలుగురు కూర్చున్నా సోలార్ మాటే. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. దాని కింద 2 కిలోవాట్ల పలకలకు కేంద్రం 60,000 రూపాయలు, 3 కిలోవాట్లు ఆపైన అయితే 78,000 రూపాయలు సబ్సిడీ ఇస్తోంది. 1989 నుంచి కుప్పానికి ప్రాతినిధ్యం వహిస్తున్న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, నియోజకవర్గంలో ప్రతి ఇంటికీ సోలార్ అనే పనికి 2025 జనవరిలో నడిమూరు గ్రామం నుంచే శ్రీకారం చుట్టారు. ఒక ఊరంతా తన కప్పు మీద తానే కరెంటు తీసుకోవడం చిన్న విషయం కాదు. దాన్ని తక్కువచేసి చూడాల్సిన పని లేదు. అయితే ఆ పలకల కిందనున్న ఇంటి సంగతి మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. కరెంటు ఎక్కడి నుంచి వస్తుందన్నది సగం ప్రశ్నే. అసలు ఆ ఇంటికి అంత కరెంటు ఎందుకు కావలసి వస్తోందన్నది మిగతా సగం. హరిత భవన ప్రమాణాలు అని మనం పిలుచుకునేవన్నీ ఈ రెండో ప్రశ్నకు జవాబులు. వాటి అవసరం హైదరాబాద్ అద్దాల మేడలకంటే కుప్పం, పుంగనూరు, మదనపల్లెల్లో రెండు మూడు సెంట్లలో లేస్తున్న ఇళ్లకే ఎక్కువ.

నాలుగు పలకలు, ఒక ఏసీ

లెక్క వేసి చూద్దాం. 2 కిలోవాట్ల పలకలు మంచి ఎండ ఉన్న రోజు సుమారు 8 యూనిట్లు ఇస్తాయి. ఒకటిన్నర టన్నుల ఏసీ ఎండాకాలం గంటకు ఒక యూనిట్ అటూ ఇటూ తాగుతుంది. రాత్రి పది నుంచి తెల్లవారి ఆరు దాకా నడిస్తే, పలకలు పగలంతా ఎండలో కాగి తెచ్చిందంతా ఒక్క పడగ్గదికే సరి. ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, నీళ్ల మోటారు అన్నీ దానికి పైన. స్లాబు వేడి భరించలేక ఏసీ కొన్న ఇంట్లో, సోలార్ తెచ్చిన లాభం ఏడాది తిరక్కుండానే కరిగిపోతుంది.

ఇందులో ఇంకో చిక్కుంది. పలకలు పగలు పండిస్తాయి, స్లాబు రాత్రి వేడి కక్కుతుంది. నెట్ మీటరింగ్ ఉంది కదా, పగలు గ్రిడ్‌కు ఇచ్చింది రాత్రి తిరిగి తీసుకుంటామని అనొచ్చు. బిల్లు వరకు ఆ మాట నిజం. కానీ పొద్దుగూకాక తీగల్లో వచ్చే కరెంటు పగలు మనం ఇచ్చినది కాదు. పక్కనున్న పావగడ, నంబులపూలకుంట సోలార్ పార్కులు కూడా ఆ వేళకు నిద్రపోతాయి. అప్పుడు రాయలసీమకు దిక్కు ప్రధానంగా బొగ్గే. కడప జిల్లాలోని 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం లాంటివే అప్పుడు ఆదుకుంటాయి. దేశంలో గ్రిడ్ కరెంటు ఒక్కో యూనిట్ వెనుక సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. రాత్రికి 8 యూనిట్ల చొప్పున వంద వేసవి రాత్రులు ఒక ఏసీ నడిస్తే అర టన్నుకు పైగా. వీధిలో పది ఇళ్లయితే ఐదున్నర టన్నులు. ఆ రాత్రి యూనిట్‌ను తగ్గించగలిగింది పలక కాదు, ఇల్లు.

ప్రపంచమంతటా భవనాలను నడపడానికే మొత్తం ఇంధనంలో సుమారు 30 శాతం పోతోందని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క. మన దేశం 2019లో ప్రకటించిన శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక ప్రకారం 2017-18తో పోలిస్తే 2037-38 నాటికి చల్లదనం కోసం గిరాకీ ఎనిమిది రెట్లు కావచ్చు. ఆ ఎనిమిది రెట్లలో పెద్ద వాటా ఇప్పటికే ఏసీలున్న మహానగరాలది కాక, ఇంకా ఏసీ కొనని కుప్పం లాంటి ఊళ్లదే కావచ్చు. అందుకే ఈ పదేళ్లు కీలకం. ఏసీ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, స్లాబు ఒకసారి పోశాక యాభై ఏళ్లు అక్కడే ఉంటుంది.

మట్టి మిద్దెకు తెలిసిన సంగతి

ఐదంగుళాల కాంక్రీటు స్లాబు ఎండను పగలంతా పీల్చుకుంటుంది. మిట్టమధ్యాహ్నం దాని పైభాగం చెప్పుల్లేకుండా కాలు పెట్టలేనంతగా కాలుతుంది. ఆ వేడి కాంక్రీటు గుండా మెల్లగా కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. సరిగ్గా ఇంటిల్లిపాదీ ఇల్లు చేరే వేళకు అడుగు నుంచి బయటపడడం మొదలవుతుంది. ఇంటికప్పు ఎంత వేడిని లోపలికి వదలొచ్చో చెప్పడానికి కేంద్ర ప్రభుత్వం 2018లో తెచ్చిన నివాస భవనాల ప్రమాణం ‘ఎకో నివాస్ సంహిత’ ఒక కొలత పెట్టింది. ఆ కొలతలో కప్పు 1.2 దాటకూడదు. పైన ఏ రక్షణా లేని మామూలు స్లాబు మూడుకు పైనే ఉంటుంది. అంటే అనుమతించిన దానికి రెండున్నర, మూడు రెట్ల వేడిని అది లోపలికి రానిస్తోంది.

రాయలసీమ పాత మిద్దెకు ఈ కొలతల పేర్లు తెలియకపోయినా పని తెలుసు. దూలాలు, వాటిపై దంతెలు, దంతెలపై కంప, ఆపైన జానెడు మందాన చౌడు మట్టి. ఎండ ఆ మట్టిని దాటి లోపలికి వచ్చేలోపు పొద్దుగూకేది. వెలుతురుకూ, పొగ పోవడానికీ కప్పులో గవాక్షి. వాకిట్లో తిన్నె, తిన్నె మీదికి నీడ. గోడలు సైజు రాళ్లతో మూరెడు మందం. ఈ ఇళ్లకు చీకటి, ఉరుపు, చెదలు, ఏటేటా మట్టి సర్దాల్సిన చాకిరి ఉండేవి. జనం వాటిని వదిలేసి స్లాబుకు మారడం తప్పేమీ కాదు. వర్షానికి కారని ఇల్లు ఎవరికైనా కావాలి. పోగొట్టుకున్నదల్లా నీడ, మందం, గాలి దారి. ఆ మూడూ స్లాబుతో కలిసి ఉండలేనివి కావు.

ఈ నేలకు అదృష్టవశాత్తూ వాతావరణం కూడా తోడుంది. కుప్పం, పుంగనూరు, మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. కడప, నంద్యాలల ఎండ ఇక్కడ లేదు, వేసవిలోనూ రాత్రి గాలి చల్లగానే ఉంటుంది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆసుపత్రి వెలసింది. మందులు లేని ఆ కాలంలో క్షయకు వైద్యమంటే విశ్రాంతి, మంచి తిండి, ధారాళమైన గాలి. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ ఆధ్వర్యంలో నడిచిన ఆ ఆసుపత్రి మందులపెట్టెలో ఉన్న మొదటి మందు ఈ ఎత్తు మీది పొడిగాలే. వందేళ్ల కింద రోగులను బతికించడానికి నమ్ముకున్న గాలి ఇది. దాన్ని పడగ్గదిలోకి రానివ్వకుండా మూడు వైపులా పక్కింటి గోడకు ఆనించి, నాలుగో వైపు ఒక చిన్న కిటికీ పెట్టి, ఆ తర్వాత ఏసీ కోసం గోడకు రంధ్రం కొడుతున్నాం. చల్లగాలి లేని ఊరికి ఏసీ తప్పకపోవచ్చు. చల్లగాలి ఇంటి బయటే నిలబడి ఉన్న ఊరికి తలుపు తీసే ఇల్లు కావాలి.

[బాక్స్] ఒకే భవనం, రెండు సగాలు

హైదరాబాద్ శివారు పోచారంలోని ఇన్ఫోసిస్ ప్రాంగణంలో 2011లో కట్టిన ఒక కార్యాలయ భవనాన్ని సరిగ్గా రెండు సగాలు చేశారు. గోడలు, కిటికీలు, నీడ, మనుషుల సంఖ్య అన్నీ ఒకటే. ఒక సగానికి మామూలు ఏసీ వ్యవస్థ. రెండో సగంలో స్లాబులోనే గొట్టాలు పరిచి చల్లని నీళ్లు పారించారు. మీటర్లు వేరువేరుగా పెట్టి చూస్తే, నీళ్లు పారిన సగం చల్లదనానికి వాడిన కరెంటు దాదాపు మూడో వంతు తక్కువ. మొదటి సగం కూడా మంచి ఏసీతో కట్టిందే. హరిత భవనాల వల్ల ఆదా నిజమా అని అడిగేవారికి ఇంతకంటే సూటి పరీక్ష దొరకడం కష్టం.

పన్నెండు సెంట్ల గడప

మన ఇళ్లు ఇలా కాగుతున్నది ప్రమాణాలు లేక కాదు. తెలుగునేల ఈ దారిలో దేశంకంటే ముందే నడిచింది. హైదరాబాద్‌లో పరిశ్రమల సమాఖ్య సీఐఐ, గోద్రెజ్, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి నిర్మించిన గ్రీన్ బిజినెస్ సెంటర్ హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్ అమెరికా వెలుపల పొందిన మొదటి భవనం. 2004 జూలైలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. సాధారణ భవనం వాడే కరెంటులో దాదాపు సగంతోనే అది నడిచింది. దాని నడుమ ఆరుబయలు, చుట్టూ జాలీ గోడలు, కప్పు మీద పచ్చిక. పేరు ప్లాటినం అయినా పాఠం మన తాతల వాకిలిదే. వాణిజ్య భవనాల ఇంధన పొదుపు కోడ్ దేశంలో 2007లో వచ్చింది, ఆంధ్రప్రదేశ్ 2014లో దాన్ని తనకు తగినట్టు మార్చుకుని ప్రకటించింది. 2018లో ఎకో నివాస్ సంహిత. 2022లో ఇంధన పొదుపు చట్ట సవరణతో నివాస భవనాలు కూడా పరిధిలోకి వచ్చాయి. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ, ఎండను తిప్పికొట్టే కప్పుల కోసం కూల్ రూఫ్ విధానం తెచ్చింది.

ఇన్ని ఉన్నాయి కదా, మరి రెండు సెంట్ల ఇంటి స్లాబు ఎందుకు కాలుతోంది? గడప కొలిస్తే తెలుస్తుంది. 2018 నాటి సంహిత వర్తించేది 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాలకు. అంటే పన్నెండు సెంట్ల పైమాట. తెలంగాణలో ఇళ్లకు కూల్ రూఫ్ తప్పనిసరి చేసింది 600 గజాల నుంచి. లెక్కకు అదీ ఇంచుమించు పన్నెండు సెంట్లే. 2022 సవరణ చట్టం 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్ ఉన్న భవనాల గురించి మాట్లాడుతుంది, మన వీధుల్లో ఇంటి లోడు రెండు మూడు కిలోవాట్లు. మరోవైపు ప్రభుత్వం పేదలకిస్తున్న ఇంటిజాగా పట్నంలో రెండు సెంట్లు, పల్లెలో మూడు. పన్నెండు సెంట్లున్నవారికి ఎటూ ఆర్కిటెక్టు దొరుకుతాడు, చెట్టు వేయడానికి చోటు దొరుకుతుంది. ప్రమాణం అక్కర్లేని చోట ప్రమాణం ఉంది. ఎక్కడైతే మేస్త్రి చెప్పిందే ప్లానో, ఎక్కడైతే ఒక్క కిటికీ దిక్కు మారితే బతుకు మారుతుందో, అక్కడికి అది రాలేదు. వేడి అందరికంటే ఎక్కువ తగిలేది ఈ చిన్న ఇంటికే. దానికి నెత్తిన ఇంకో అంతస్తు లేదు. ఇంటి మొత్తానికీ కప్పు ఒక్కటే, ఆ కప్పంతా ఎండలోనే.

గడప దించడం అసాధ్యమేమీ కాదు. 2022 సవరణే ఆ లోడు హద్దును తగ్గించే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. చిన్న ఇళ్లకు లెక్కల పత్రాలు, కన్సల్టెంట్లు, రేటింగు ఫీజులు అక్కర్లేదు. ఇంటి ప్లానుకు అనుమతి ఇచ్చే కాగితంలో నాలుగే మాటలుంటే చాలు: కప్పుకు రక్షణ, కిటికీకి సజ్జ, గదికి ఎదురెదురు గాలి దారి, పడమటి గోడకు నీడ. ప్రభుత్వమే కట్టించే, డబ్బిచ్చే ఇళ్లలో ఇది ఇంకా తేలిక. బిల్లు మంజూరు చేయడానికి పునాది, గోడలు, స్లాబు అని దశలవారీగా ఎటూ ఫొటోలు తీస్తున్నారు. స్లాబు పైపూత ఫొటో ఇంకొక్కటి.

మగ్గం దగ్గర మధ్యాహ్నం

మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లెలో పట్టు మగ్గాలు ఇంట్లోనే ఉంటాయి. గుంతలో కాళ్లు పెట్టుకుని, ముందు పరిచిన పడుగు మీద కళ్లు నిలిపి, ఒకే చోట గంటల తరబడి కూర్చునే పని. ఇల్లే కార్ఖానా కాబట్టి మధ్యాహ్నం ఎక్కడికీ పోవడానికి లేదు. కప్పు రేకులదైతే మరీ కష్టం. ఒంటిగంట దాటితే రేకు నుంచి దిగే సెగ నడినెత్తిన తగులుతుంది. చేతికి పట్టిన చెమట పట్టుదారాన్ని అంటకూడదు కాబట్టి నేతగాడు మాటిమాటికీ ఆగి తుడుచుకుంటాడు. ఫ్యాను గాలి ఎక్కువైతే పోగులు చెదురుతాయని దాన్నీ తగ్గిస్తాడు. ఆ రెండు మూడు గంటల్లో తగ్గే నేత, కూలిలో తగ్గుతుంది. కర్బన ఉద్గారాల మాట ఈ ఇంట్లో ఎవరికీ అక్కర్లేదు. కానీ ఆ రేకు మీద తెల్లపూతో, కింద ఒక చాపతడకల అడ్డమో ఉంటే మధ్యాహ్నం నేత ఆగదు. రేపు కాస్త డబ్బు చేతిలో పడ్డాక కూలర్ కొనాల్సిన అవసరమూ రాదు. ఉద్గారాలు తగ్గడం ఇక్కడ మొదటి లాభం కాదు, వెంట వచ్చే లాభం. ఈ ప్రమాణాలను జనానికి చెప్పాల్సిన తీరూ ఇదేనని నా అభిప్రాయం. భూగోళం గురించి చెబితే నేతగాడు మర్యాదగా వింటాడు. మధ్యాహ్నం పని గురించి చెబితే నిచ్చెన తెస్తాడు.

అభ్యంతరాలు చిన్నవి కావు

మొదటిది ఖర్చు. హరిత భవనం అంటే పదో ఇరవయ్యో శాతం ఎక్కువ అనే మాట పాతుకుపోయింది. పెద్ద కార్యాలయాల ఖరీదైన అద్దాల విషయంలో అది నిజం కావచ్చు. చిన్న ఇంటిలో ఖరీదైన వస్తువు ఏదీ లేదు. కిటికీని పడమర నుంచి ఉత్తరానికి మార్చడానికి డబ్బు కాదు, పునాది వేసేముందు పావుగంట ఆలోచన కావాలి. సజ్జ అడుగు నుంచి రెండడుగులకు పెరిగితే కొంచెం కంకర, కొంచెం ఇనుము. హైదరాబాద్‌లో ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ లేబొరేటరీ కలిసి చేసి 2012లో ప్రచురించిన పరిశీలనలో మామూలు కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే చల్లదనానికి అయ్యే కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గింది. అవి వాణిజ్య భవనాలు. ఏసీ లేని ఇంట్లో ఆ లాభం బిల్లులో కనిపించదు, నిద్రలో కనిపిస్తుంది.

తెల్లపూత ఒక వానాకాలానికే మాసిపోతుంది కదా అన్నది రెండోది. నిజమే, దుమ్ము పడితే దాని గుణం తగ్గుతుంది. కానీ ఉగాదికి గోడలకు సున్నం కొట్టడం మనకు కొత్త కాదు, ఉగాది వచ్చేది సరిగ్గా ఎండలు ముదిరేముందే. ఆ సున్నం గోడ దగ్గర ఆగకుండా మిద్దె మీదికి ఎక్కాలి, అంతే తేడా. ఇక కుప్పం, మదనపల్లెల్లో డిసెంబరు చలి సంగతి. చలికాలంలోనూ ఎండను తిప్పికొట్టే కప్పు ఇంటిని మరింత చల్లబరుస్తుందన్న అభ్యంతరంలో బలం ఉంది. అందుకే ఈ ఎత్తు ప్రాంతానికి ఒక్క తెల్లరంగే సరిపోదు. స్లాబుపై ఇటుక ముక్కలు, సున్నం దట్టించి పైన పెంకులు పరిచే పాత పద్ధతి ఇంకా మంచిది. మందం ఉన్న కప్పు ఎండనూ ఆపుతుంది, చలినీ ఆపుతుంది.

మూడో అభ్యంతరం అన్నిటికంటే గట్టిది: రేటింగు పలకలు గుమ్మానికి తగిలించుకుని లోపల విచ్చలవిడిగా కరెంటు కాల్చే భవనాలు లేవా? ఉన్నాయి. కట్టకముందు కాగితంపై ఇచ్చే మార్కులకూ, కట్టాక మీటరు చెప్పే మాటకూ పొంతన లేని భవనాలు ప్రపంచమంతటా ఉన్నాయి. నాలుగు దిక్కులా అద్దం కప్పి, ఆ అద్దం మంచిరకం అని మార్కులు తెచ్చుకోవడం మన ఎండలకు తగిన పని కాదు. దీనికి మందు ప్రమాణాన్ని వదిలేయడం కాదు, దాన్ని మీటరుకు కట్టేయడం. చదరపు మీటరుకు ఏడాదికి ఎన్ని యూనిట్లు అన్న ఒక్క అంకె ఏటా బయటపెట్టాలి. ఆ పని ప్రభుత్వ భవనాలతో మొదలవ్వాలి. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం, ఆసుపత్రి, మున్సిపల్ కార్యాలయం ద్వారం దగ్గర ఆ అంకె రాసి ఉంటే, దాన్ని చదివే విద్యార్థి, రోగి, పన్ను కట్టే మనిషి అడగడం నేర్చుకుంటారు.

కట్టడానికి వాడే సామగ్రి గురించీ ఒక మాట. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో 7, 8 శాతం సిమెంటు తయారీదే. కుప్పం గ్రానైట్ నేల. కాల్చనక్కర్లేని రాయి కాళ్ల కిందే ఉంది, క్వారీల దగ్గర పనికిరాదని గుట్టలుగా పోసిన ముక్కలున్నాయి. మట్టిలో కాస్త సిమెంటు కలిపి, కాల్చకుండా యంత్రంతో ఒత్తి చేసే ఇటుకలపై బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ 1974లో మొదలైన ‘అస్త్ర’ విభాగం నుంచి ఏళ్ల తరబడి పనిచేసింది. కుప్పం నుంచి రోజూ రైలెక్కి బెంగళూరుకు కట్టడం పనులకు పోయే మేస్త్రిలు, కూలీలు ఎందరో. ఆ చేతులకు అక్కడ తెలిసిన పని ఇక్కడ అడిగేవారు లేరు.

[బాక్స్] మేస్త్రి అడిగేలోపే

“సజ్జ ఎంత ముందుకు పెట్టాల్నా?” అని మేస్త్రి అడిగేటప్పటికే సెంట్రింగ్ కొట్టేసి ఉంటారు. మార్కింగ్ రోజే చెప్పుకోవాల్సినవి:

ఇంటికి పొడవాటి గోడలు ఉత్తరం, దక్షిణం వైపు వచ్చేలా చూడండి. దక్షిణపు ఎండను సజ్జ ఆపగలదు, వాలిన పడమటెండను ఆపలేదు. పడమర వైపు మెట్లు, స్నానాలగది, సామాను గది వస్తే అవే పడగ్గదికి గొడుగు. ఒక కిటికీకి ఎదురుగా ఇంకో కిటికీ లేకపోతే గాలి లోపలికి రాదు. పక్కింటి గోడ అడ్డమైతే మెట్ల పైభాగంలో వేడిగాలి పోయే జాలీ వదలండి. మామూలు ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 30 వాట్లు. రోజుకు 12 గంటలు, ఏడాదిలో 300 రోజులు తిరిగే మూడు ఫ్యాన్లను మారిస్తే దాదాపు 480 యూనిట్లు మిగులుతాయి.

నిచ్చెన వేసిన రోజే

మళ్లీ నడిమూరు లాంటి ఊరి మిద్దె దగ్గరికి వద్దాం. 2 కిలోవాట్ల పలకలకు సుమారు 200 చదరపు అడుగుల చోటు పడుతుంది. ఆ మేరకు స్లాబుకు నీడ కూడా దొరుకుతుంది. పలకకూ స్లాబుకూ మధ్య జానెడో మూరెడో ఖాళీ వదిలితే గాలి ఆడి, కింద గది చల్లబడుతుంది. పలక కూడా తక్కువ వేడెక్కి కాస్త ఎక్కువ కరెంటు ఇస్తుంది. ఆరు వందల అడుగుల కప్పులో మిగిలేది నాలుగు వందల అడుగులు. అది బోడిగా ఎండుతోంది. సబ్సిడీ కాగితంలో ఆ నాలుగు వందల అడుగులకు గడి లేదు. పలకలు బిగించేందుకు మనుషులు ఎటూ వస్తారు, నిచ్చెన ఎటూ వేస్తారు, మిద్దె ఎటూ ఊడుస్తారు. అరవై వేల సబ్సిడీ ఇచ్చే చోట, అదే రోజు రెండు బకెట్ల తెల్లపూతకు, పడమటి గోడ పక్కన ఒక కానుగ మొక్కకు ఇంకో వెయ్యీ రెండు వేలు కలిపితే, వచ్చే మే నెలలో ఆ కోడలు తొమ్మిదిన్నరకే బిడ్డను పడుకోబెట్టొచ్చు.